ఎండలు ముదరకముందే: హైదరాబాద్ ఇంట్లో రీఫ్ ట్యాంక్ పెట్టేవాళ్లకు జాగ్రత్తలు

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. హైదరాబాద్‌లో ఉప్పునీళ్ల ట్యాంక్ పెట్టి పగడాలు పెంచాలనుకునేవాళ్లు క్యాలెండర్‌లో ముందుగా చూసుకోవలసింది ఆ పండగనే. అక్కడి నుంచి జూన్‌లో వానలు పట్టేదాకా ఊళ్లో ఎండలు పెరుగుతూనే ఉంటాయి, ఏప్రిల్, మేలలో 40 డిగ్రీలు దాటే రోజులూ వస్తాయి. పగడానికి కావలసినవేమో 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండే నీళ్లు. ఆ తేడాను రాత్రీ పగలూ, కరెంటు ఉన్నా పోయినా, మనమే కాసుకోవాలి. అందుకే నన్నడిగినవాళ్లందరికీ ఒకే మాట చెబుతాను: చల్లదనం, కరెంటు, నీళ్లు కుదిరాకే జీవాల సంగతి. షాపులో రంగు చూసి ముందు పగడం కొని, ఏప్రిల్‌లో నీళ్లు చల్లబరిచే చిల్లర్ కోసం పరిగెత్తితే చాలాసార్లు పగడం దక్కదు.

కొత్త ట్యాంక్‌లో వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా అనే విషాన్ని నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ట్యాంక్ కుదురుకోదు, నాచులు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. దసరా, దీపావళి రోజుల్లో మొదలుపెడితే ఎండలు వచ్చేనాటికి ట్యాంక్ కాస్త ముదురుతుంది. ఫిబ్రవరి, మార్చిలో మొదలుపెట్టేవాళ్లు ఆగిపోనక్కర్లేదు. రాళ్లు, ఇసుక, బ్యాక్టీరియా, మహా అయితే ఒక జత క్లౌన్ చేపలతో వేసవి గడిపి, పగడాలు వానలు పడ్డాక తెచ్చుకోండి.

చోటు

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న ట్యాంక్‌లో సుమారు 190 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే నీళ్లే 190 కిలోలు. అద్దం, రాళ్లు, ఇసుక, స్టాండు, కింద సంప్ (ఫిల్టరూ పంపూ ఉండే చిన్న తొట్టి) కలిపితే 300 కిలోలు దాటుతుంది. అపార్ట్‌మెంట్‌లో గది మధ్యలో కాకుండా, బీమ్ మీద లేచిన గోడను ఆనించి పెట్టండి. నాలుగడుగుల ట్యాంక్ అయితే మాత్రం బిల్డింగ్ ఇంజినీర్‌ను అడగకుండా పెట్టొద్దు.

వాస్తు ప్రకారం ఈశాన్యంలో పెట్టుకుంటామంటే మంచిదే, అక్కడ ఎండ కూడా తక్కువ. పడమటి గోడ మాత్రం వద్దు. మధ్యాహ్నమంతా కాగిన ఆ గోడ రాత్రి పదింటిదాకా వేడి వదులుతూనే ఉంటుంది. పై అంతస్తు స్లాబు కింద ఉండేవాళ్లు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

వేడి

పగడం ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన నాచు కాపురముంటుంది. వెలుతురుతో అది వండే తిండిలో ఎక్కువ భాగం పగడానికే అందుతుంది. నీళ్లు వేడెక్కి అలాగే ఉండిపోతే పగడం ఆ నాచును బయటికి వెళ్లగొట్టి తెల్లబడిపోతుంది. వెంటనే చావదు గానీ ఆకలితో చిక్కుతుంది. వేడినీళ్లలో ఆక్సిజన్ కూడా తక్కువగా కరుగుతుంది. చేపలకు ముందుగా తెలిసేది ఆ లోటే.

కాబట్టి ట్యాంక్ కొనకముందే గదిని కొలవండి. పెట్టబోయే చోట ఒక బకెట్ నీళ్లు ఉంచి, థర్మామీటర్ వేసి, సాయంత్రం నాలుగింటికీ తెల్లవారుజామునా చూడండి. నాలుగింటికి 31 చూపించి తెల్లారేసరికి 27కి వస్తే, ఆ ఊగిసలాటే పగడానికి పెద్ద బాధ. పైగా ట్యాంక్‌లో పంపులూ లైట్లూ ఇంకో రెండు డిగ్రీలు కలుపుతాయి.

చల్లబరచడానికి మూడు దారులున్నాయి. మొదటిది నీటిమీద గాలి వీచే చిన్న ఫ్యాన్లు. ఒక లీటరు నీరు ఆవిరయ్యేటప్పుడు లాక్కునే వేడి, 200 లీటర్ల ట్యాంక్‌ను దాదాపు మూడు డిగ్రీలు చల్లబరచడానికి సరిపోతుంది. మన ఎండ పొడి ఎండ కాబట్టి ఏప్రిల్‌లో ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అయితే అదే గదిలో ఎయిర్ కూలర్ పెడితే గాలిలో తేమ పెరిగి ట్యాంక్ ఫ్యాన్ పని బాగా పడిపోతుంది. కూలర్ వేసుకునే ఇంట్లో ఈ సంగతి చాలామంది గమనించరు. వానాకాలం ఉక్కపోతలోనూ ఇదే తంతు. అద్దం మూత ఉన్నా ఫ్యాన్ వల్ల లాభం లేదు. మూత తీసి, చేపలు దూకకుండా సన్నని వల బిగించండి.

రెండోది చిల్లర్. ఖర్చు ఎక్కువే అయినా, రాతిలాంటి అస్థిపంజరం కట్టుకునే గట్టి పగడాలు పెంచాలనుకుంటే ఇదే అసలైన భరోసా. ట్యాంక్‌లోంచి తీసిన వేడిని అది గదిలోకి వదులుతుంది కాబట్టి స్టాండు లోపల మూసిన అరలో పెడితే తన వేడిని తానే పీల్చుకుంటూ ఆగకుండా తిరుగుతుంది. బాల్కనీ వైపో, గాలి ఆడే మూలకో పెట్టండి. మూడోది గదికి ఏసీ. పగలంతా ఇంట్లో మనుషులుంటే సరే. ఆఫీసుకు వెళ్తూ ఏసీ కట్టేసే ఇళ్లలో దాన్ని నమ్ముకోవద్దు.

లైట్లను మధ్యాహ్నం కాకుండా సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పన్నెండు దాకా వెలిగేలా టైమర్ పెట్టుకోండి. గది బాగా వేడిగా ఉండే వేళకు లైట్ల వేడి తోడవదు, మీరు ఇంటికొచ్చాక చూసుకోవడానికీ బాగుంటుంది.

కరెంటు

మే నెలలో గాలిదుమారం వచ్చి, చెట్టు కొమ్మ తీగల మీద పడితే గంటలకొద్దీ కరెంటు ఉండదు. ఒక తమ్ముడు అలాంటి సాయంత్రమే ఫోన్ చేశాడు: "అన్నా, చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, జనరేటర్ ఆన్‌లోనే ఉంది, పంపు మాత్రం తిరగట్లేదు." చూస్తే జనరేటర్ లైన్ లైట్లకూ ఫ్యాన్లకే ఇచ్చారు, ట్యాంక్ ప్లగ్గుకు లేదు. ఎక్స్‌టెన్షన్ వైరుతో వేవ్ మేకర్ (ట్యాంక్‌లో నీళ్లు కదిలించే చిన్న పంపు) ఒక్కదాన్ని ఇన్వర్టర్ సాకెట్‌కు కలపగానే చేపలు నిమ్మళించాయి. మీ ట్యాంక్ ప్లగ్గు ఏ లైన్‌లో ఉందో ఇవాళే మెయిన్ ఆపి చూడండి.

ఇన్వర్టర్ మీద చిల్లర్ వేయక్కర్లేదు. 10 వాట్ల వేవ్ మేకర్ ఒకటి నీటి పైభాగాన్ని కదిలిస్తూ ఉంటే చాలు, మంచి బ్యాటరీ ఉన్న ఇంట్లో రాత్రంతా తిరుగుతుంది. ఇన్వర్టర్ లేనివాళ్లు బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. వేడి మరీ పెరిగితే ఐసు నేరుగా వేయకుండా, మూత బిగించిన బాటిళ్లలో గడ్డకట్టించి ఒక్కొక్కటీ సంప్‌లో వదలండి. గంటకు ఒక డిగ్రీ కంటే వేగంగా దించొద్దు.

మెయిన్ ఆపినప్పుడు ఇంకోటి కూడా తేలుతుంది. పంపు ఆగగానే పైపుల్లోని నీళ్లు, ట్యాంక్ పైపొర నీళ్లు సంప్‌లోకి దిగుతాయి. అవన్నీ పట్టే ఖాళీ సంప్‌లో లేకపోతే హాల్లో ఉప్పునీళ్లే. జీవాలు వేయకముందే పంపు రెండు మూడుసార్లు ఆపి, ఎక్కడిదాకా నిండుతుందో మార్కర్‌తో గీత గీసుకోండి.

ఉప్పునీరు, కరెంటు పక్కపక్కనే ఉండే పని ఇది. ట్యాంక్ లైన్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైన్ ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ తప్పనిసరి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా పెట్టండి. అప్పుడు వైరు వెంబడి జారిన చుక్క ఆ వంపు దగ్గర కారిపోతుంది, సాకెట్‌లోకి వెళ్లదు. జంక్షన్ బాక్సు నేలమీద వద్దు. చెయ్యి పెట్టేముందు స్విచ్‌లు ఆపండి, ఇంట్లో పిల్లలకూ ఇదే అలవాటు చేయండి.

నీళ్లు

బోరు నీళ్లు అసలు వద్దు. మన కాలనీల్లో వాటి టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) 500 దాటడం మామూలే. మున్సిపల్ నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, వేసవిలో ట్యాంకర్ నీళ్లు కలిస్తే ఏ రోజు ఏ నీళ్లో చెప్పలేం. తాగడానికి పెట్టుకున్న ఆర్‌ఓ కూడా సరిపోదు, అలాంటి యంత్రాలు చాలావరకు రుచి కోసం నీళ్లలో ఖనిజాలు తిరిగి కలుపుతాయి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలనూ లాగేసే డీఐ రెసిన్ ఉండి, టీడీఎస్ మీటర్ సున్నా చూపించే నీళ్లే కావాలి. మేలో నీటి ఎద్దడి వస్తుంది కాబట్టి ఏప్రిల్ నుంచే రెండు మూడు ఫుడ్ గ్రేడ్ డ్రమ్ములు నింపి పెట్టుకోండి.

ఏసీ నుంచి కారే నీళ్లు టీడీఎస్ తక్కువ చూపిస్తాయని కొందరు పోస్తుంటారు. అవి రాగి గొట్టాలను తడుపుతూ వచ్చిన నీళ్లు. రాగి లేశమాత్రం ఉన్నా పగడాలకు, రొయ్యలకు, నత్తలకు విషం. ఇదే కారణంతో రాగి బిందెలో పట్టిన నీళ్లు, ఇత్తడి కుళాయి తగిలించిన డ్రమ్ము కూడా పనికిరావు. చేపలకు తెల్లమచ్చలు వస్తే వేసే రాగి మందును వేరే ట్యాంక్‌లోనే వాడాలి.

బీచ్ నుంచి డబ్బాల్లో తెచ్చిన సముద్రపు నీళ్లు, వంటింటి ఉప్పు రెండూ వద్దు. రీఫ్ కోసం చేసిన సాల్ట్ మిక్స్ కలిపి, ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో సాంద్రత 1.025 లేదా 1.026 వచ్చేలా చూసుకోండి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు ట్యాంక్‌లోనే ఉండిపోతుంది. అందుకే రోజూ తగ్గిన మేర ఉప్పులేని డీఐ నీళ్లే పోయాలి. ఫ్యాన్ తిరిగే వేసవిలో రోజుకు రెండు మూడు లీటర్లు తగ్గడం మామూలే. 200 లీటర్లలో 10 లీటర్లు తగ్గనిస్తే వెయ్యికి 35 పాళ్లున్న ఉప్పు దాదాపు 37కి చేరుతుంది. తగ్గిన నీళ్లను తనే పోసే ఆటో టాప్‌ ఆఫ్ పెట్టుకుంటే ఈ టెన్షన్ పోతుంది గానీ, దానికి పెట్టే డబ్బా చిన్నదే ఉండాలి. నీటిమట్టం చూసే ఫ్లోట్ స్విచ్ ఇరుక్కుపోయి డబ్బా మొత్తం ఒంపేసినా ట్యాంక్ తట్టుకోవాలి.

ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా కాసే గుణం) 8, 9 డీకేహెచ్, కాల్షియం 400 నుంచి 450 పీపీఎం, మెగ్నీషియం 1300 దగ్గర నిలకడగా ఉంటే చాలు. అంకె కంటే నిలకడ ముఖ్యం.

పగడాలు కొనేముందు చట్టం

గట్టి పగడాలన్నీ, అంటే దిబ్బలు కట్టే జాతులన్నీ, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. సముద్రపు గుర్రాలకు, సముద్ర దోసకాయలకు కూడా ఈ చట్టం రక్షణ ఉంది. మన సముద్రంలోంచి తీసిన పగడం, చచ్చిన పగడపు రాయితో సహా, ఇంట్లో ఉంటే నేరమే. మొదటి షెడ్యూల్ నేరాలకు మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్లదాకా జైలుశిక్ష ఉంది. విదేశాల నుంచి వచ్చే గట్టి పగడాలు సైటిస్ (వన్యజీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) కిందికి వస్తాయి, వాటికి దిగుమతి కాగితాలు ఉండాలి. "బిల్లు ఎందుకన్నా, మనోడే" అనే చోట కొనకండి. రాళ్లకు కృత్రిమంగా చేసినవి దొరుకుతాయి, కొన్ని నెలల్లో అవే బ్యాక్టీరియాతో జీవం పోసుకుంటాయి. క్లౌన్ చేపల్ని మనదేశంలోనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ గుడ్ల నుంచి పెంచే పద్ధతులు సాధించింది. పెంపకం చేపలే అడగండి, గాజు గోడలకు అలవాటుపడి ఉంటాయి, బతుకుతాయి.

మనుషులకు ప్రమాదం

పగడాలకు చుట్టాలైన జోయాంథిడ్లు, పాలిథోవాలు అనే జీవులు చూడటానికి పూలలా ఉంటాయి. కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో మరిగించొద్దు, బ్రష్‌తో గీకొద్దు. ఆవిరి పీల్చి కుటుంబాలకు కుటుంబాలు ఆసుపత్రి పాలైన సంఘటనలు ఇతర దేశాల్లో జరిగాయి. కోసేటప్పుడు చేతులకు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి, చేతిమీద గాయముంటే ఆ పని వేరేవాళ్లకు ఇవ్వండి. నోరు చేదెక్కడం, ఒళ్లునొప్పులు, జ్వరం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే గదిలోంచి బయటికొచ్చి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, ఏం ముట్టుకున్నారో డాక్టరుకు చెప్పాలి.

మనకు పెద్దగా హాని చేయనివి ట్యాంక్‌ను చంపుతాయి. దోమలమందులు, బొద్దింకల స్ప్రేలలో ఉండే పైరెత్రాయిడ్లు చేపలకు, అంతకంటే రొయ్యలకు ప్రాణాంతకం. ట్యాంక్ ఉన్న గదిలో అవి వద్దు, దోమతెర కట్టుకోండి. వీధిలో ఫాగింగ్ బండి చప్పుడు వినబడగానే కిటికీలు మూసి, గాలి లాక్కునే స్కిమ్మర్ (నురగతో నీళ్లలోని మలినాలు తీసే పరికరం), ఎయిర్ పంపు అరగంట ఆపండి, వేవ్ మేకర్ తిరగనివ్వండి. ఇంటికి రంగులు వేయించే పని ఉంటే ట్యాంక్ పెట్టకముందే కానివ్వండి.

సెలవులకు ఊరెళ్తే

మే నెలలో పిల్లల సెలవులకు ఊరు ప్రయాణం ఉంటుంది. ట్యాంక్‌కు గడ్డురోజులూ అవే. పక్కింటి ఆంటీకో, వాచ్‌మన్‌కో చెప్పి వెళ్లేటప్పుడు తిండి డబ్బా చేతికివ్వకండి. ప్రేమతో ఎక్కువ వేస్తారు, మిగిలినది కుళ్లి అమ్మోనియా అవుతుంది. ఏ రోజుకారోజు చిటికెడు చొప్పున కాగితం పొట్లాలు కట్టి తేదీలు రాయండి. సంప్‌లో పంపు తిరిగేటప్పుడు నీళ్లుండే మట్టానికి వేరే గీత గీసి చూపించి, నీళ్లు దీనికంటే దిగితే ఈ నీలం డ్రమ్ములోవే పోయండి, వేరేవి వద్దు అని ఒకసారి వాళ్లచేతే పోయించండి. థర్మామీటర్ 29 దాటితే ఏ స్విచ్ వేయాలో స్విచ్ మీదే స్టిక్కర్ అంటించండి. మీ నంబరు, దగ్గర్లో ట్యాంక్ తెలిసిన ఇంకొకరి నంబరు అద్దం పక్కన రాసి పెట్టండి. బయల్దేరే వారం కొత్త జీవాలేవీ తేవొద్దు, కొత్త పంపు కూడా బిగించొద్దు.