ముసలి హ్యామ్‌స్టర్ చిక్కిపోతోందా? ముందు పొట్టు కింద వెతకండి

మా హ్యామ్‌స్టర్ పేరు గుండు, వాడికి రెండేళ్లు దాటాయి. హ్యామ్‌స్టర్లు మామూలుగా బతికేదే రెండు, రెండున్నరేళ్లు, కాబట్టి వాడు తాతగారి కిందే లెక్క. మొన్న చలికాలంలో చేతిలోకి తీసుకుంటే వెన్నుపూసలు వేలికి తగిలాయి. గిన్నె మాత్రం రోజూ ఖాళీ అవుతోంది. తింటున్నాడు కదా, వయసు మీదపడింది అని సరిపెట్టుకున్నాం. అక్కడే పప్పులో కాలేశాం.

కంటిచూపును నమ్మకండి, తూకం వేయండి. వంటింటి డిజిటల్ త్రాసు మీద గిన్నె పెట్టి, సున్నా చేసి, అందులో కూర్చోబెట్టండి. వారానికి రెండుసార్లు, ఒకే వేళకి వేసి క్యాలెండర్ మీద రాసుకోండి. 130 గ్రాములున్న హ్యామ్‌స్టర్ 10 గ్రాములు తగ్గిందంటే, 65 కిలోల మనిషి 5 కిలోలు తగ్గినట్టు.

గిన్నె ఖాళీ, ఒళ్లు మాత్రం కరిగిపోతోంది

హ్యామ్‌స్టర్ గింజల్ని బుగ్గల్లో కుక్కుకుని తీసుకెళ్లి దాచుకుంటుంది. అందుకే గిన్నె ఖాళీ అయితే తిన్నట్టు కాదు. మా వాడి బోనులో కింద పరిచిన పొట్టుని ఓ మూల తవ్వితే గుప్పెడు పొద్దుతిరుగుడు గింజలు, జొన్నలు బయటపడ్డాయి. ఒక్క గింజకీ తొక్క వలిచి లేదు. ఆకలి ఉంది, కొరకలేకపోతున్నాడు.

అంటే పళ్లు చూడాలి. ముందు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. పసుపుపచ్చగా ఉండటం, పైవాటి కంటే కిందవి పొడుగ్గా ఉండటం మామూలే. వంకర తిరిగినా, ఒకటి విరిగి ఎదుటిది ఏపుగా పెరిగినా తిండి ఆగిపోతుంది. డాక్టర్ చేత అరగదీయించాలి, మళ్లీ పెరిగితే మళ్లీ చేయించాలి. ఇంట్లో నెయిల్ కట్టర్ పెట్టారంటే పన్ను నిలువునా చీలుతుంది. బుగ్గ ఒకవైపే ఉబ్బి, నోటి నుంచి వాసన వస్తుంటే లోపల తిండి ఇరుక్కుని కుళ్లుతోందని అర్థం. అదీ డాక్టర్ పనే.

ఈలోగా ఏం పెట్టాలంటే, మన చంటిపిల్లల ఉగ్గే. బియ్యం, పెసరపప్పు వేయించి పొడి చేసి నీళ్లలో ఉడికించండి. ఉప్పు, చక్కెర, నెయ్యి వద్దు. ఉడికిన కోడిగుడ్డు తెల్లసొన గోరంత కలిపితే ఇంకా మంచిది. నాకకపోతే సూది తీసేసిన 1 మి.లీ. సిరంజితో నోటి పక్క నుంచి ఒక్కో చుక్కే వేయండి. మింగాకే రెండో చుక్క, తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మిగిలిన ఉగ్గు గంటా రెండు గంటల్లో తీసేయండి, మన ఎండలకి ఇట్టే పులుస్తుంది.

నీళ్లు తెగ తాగుతోంది

సీసా మీద మార్కర్‌తో గీత గీయండి. 100 గ్రాముల బరువుకి రోజుకి 10 మి.లీ. దాకా మామూలు. అంతకు రెట్టింపు తాగుతూ, పొట్టు తడిసిపోతుంటే మూత్రపిండాలో, షుగరో అనుమానించాలి. చిన్న రకం హ్యామ్‌స్టర్లకి షుగర్ బెడద ఎక్కువ. అరటిపండు, యాపిల్ ముక్కలు ఆపేయండి. నీళ్లు మాత్రం తగ్గించకండి.

పొట్ట పెద్దది, వీపు ఎముకలు బయటికి

లావెక్కిందని మురిసిపోకండి. గడ్డ గానీ, గుండె జబ్బు వల్ల చేరిన నీరు గానీ కావచ్చు. ఈ వయసులో ఆపరేషన్ కంటే నొప్పి తగ్గించే మందే నయమని నా అభిప్రాయం. తోక కింద తడిగా, విరేచనాలు అవుతుంటే మాత్రం రేపు చూద్దాం అనుకోవద్దు, అదే రోజు తీసుకెళ్లాలి.

డాక్టర్ దగ్గరికి

బయల్దేరే ముందు ఫోన్ చేసి "కుందేళ్లు, గినీ పిగ్‌లు, హ్యామ్‌స్టర్లు చూస్తారా?" అని అడగండి. మేం అడక్కుండా వెళ్లిన మొదటి క్లినిక్‌లో, "ఎలుకే కదమ్మా, ఇంకోటి కొనుక్కోండి" అన్నారు. హైదరాబాద్‌లో అయితే రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీలోనూ వాకబు చేయొచ్చు. వేసవిలో అయితే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం ఆటోలో ఆ వేడికి తట్టుకోలేదు.

ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ ఒక్క చుక్క కూడా వేయకండి. పిల్లలకి వాడే అమాక్సిసిలిన్ హ్యామ్‌స్టర్ పేగుల్లో మంచి బ్యాక్టీరియాని చంపేస్తుంది, ప్రాణమే పోవచ్చు.

చల్లగా, కదలకుండా పడి ఉంది

జనవరి తెల్లవారుజామున కట్టెలా కనిపిస్తే వెంటనే గొయ్యి తవ్వకండి. చలికి, అందులోనూ చిక్కిన ఒంటికి, హ్యామ్‌స్టర్ గాఢ నిద్రలోకి జారుకుంటుంది. ఊపిరి నిమిషానికి ఏ రెండు మూడుసార్లో అందుతుంది, మనకి తెలియను కూడా తెలియదు. మెత్తని గుడ్డలో చుట్టి రెండు అరచేతుల మధ్య పెట్టుకుని కూర్చోండి. హీటర్ ముందు పెట్టొద్దు, నెమ్మదిగా వెచ్చబడాలి. అరగంట పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మీసాల వంక చూస్తూ ఉండండి, ముందు కదిలేవి అవే.