దీవి అడవిలో మట్టికీ చెట్లకీ ఉన్న లంకె కనిపెట్టడం ఎలా?

సామాను కొద్దిగా చాలు. 50 మీటర్ల టేపు, తాడు, నాలుగు మేకులు, చిన్న పార, సంచులు, మట్టి ఆమ్లమా క్షారమా చెప్పే పిహెచ్ మీటరు, నోట్‌బుక్కు. రాయడానికి పెన్సిలే వాడండి, తడికి సిరా అలుక్కుపోతుంది. ముందుగా ఆ దీవి శిలల మ్యాపు తీసి సున్నపురాయి ఎక్కడ, లావా ఎక్కడ అని గుర్తు పెట్టుకోండి.

ఇక ప్లాట్లు, అంటే చెట్లనూ మట్టినీ కొలిచే చదరాలు, ఎక్కడ వేయాలన్నదే అసలు పని. నూటికి తొంభై మంది ఇక్కడే పాడుచేస్తారు. ఒడ్డు నుంచి కొండ మీదికి కాలిబాట వెంట ప్లాట్లు వేసుకుంటూ పోతారు. చెట్లు మారాయి, మట్టీ మారింది, కాబట్టి కారణం మట్టే అని రాసేస్తారు. అలాంటిది చూస్తే నాకు ఉసూరుమంటుంది. ఒడ్డున ఇసుకతో పాటు ఉప్పుగాలి ఉంది. పైకి పోయేకొద్దీ చలి ఉంది, మబ్బు ఉంది, వాన ఎక్కువ. దీవిలో ఇవన్నీ నాలుగడుగుల దూరంలోనే కలిసి మారతాయి. అందులో మట్టి వాటా ఎంతో ఎలా విడదీస్తారు?

అందుకే ప్లాట్లు జతలుగా వేయండి. జతలో రెండూ ఒకే ఎత్తులో, ఒకే వాలు మీద, గాలి కొట్టే ఒకే వైపున, సముద్రానికి ఒకే దూరంలో ఉండాలి. తేడా మట్టిలోనే ఉండాలి. పాత మొద్దులు, మట్టిలో బొగ్గు ముక్కలు కనిపిస్తే ఆ చోటు వదిలేయండి, అక్కడ ఎప్పుడో నరికారు లేదా కాల్చారు. ఐదు జతలకు తగ్గితే నేను లెక్కలోకి తీసుకోను. జతలు వెతకడానికే వారం పట్టినా సరే, తొందరపడొద్దు.

హవాయి దీవుల్లో జరిగిన పని చూడండి. దాదాపు 300 ఏళ్ల లావా నేల నుంచి 41 లక్షల ఏళ్ల నేల వరకు చోట్లు ఎంచుకున్నారు. అన్నీ సుమారు 1,200 మీటర్ల ఎత్తులో, ఏడాదికి 2,500 మిల్లీమీటర్ల వాన పడేవే. అన్నిచోట్లా పెద్ద చెట్టు ఒహియా అనే అక్కడి జాతే. అలా చేశారు కాబట్టే కుర్ర నేలలో నత్రజనికి, ముసలి నేలలో భాస్వరానికి కరువని తేలింది.

తర్వాతివి తేలిక. 20 మీటర్ల చదరం కొలిచి, నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో చెట్ల చుట్టుకొలత రాసుకోండి. ఆకుచెత్త పక్కకు తోసి, ప్లాటులో తొమ్మిది చోట్ల పై 10 సెంటీమీటర్ల మట్టి తీసి కలపండి. ఒక్క గుంట మట్టి ప్లాటంతటికీ సాక్ష్యం కాదు. నీడలో ఆరబెట్టండి, ఎండలో వద్దు.

అక్కడే చిటికెడు మట్టి తడిపి బొటనవేలితో చూపుడువేలి మీదుగా ఒత్తి చూడండి. బంకమట్టి రిబ్బనులా సాగి వేలాడుతుంది. ఇసుకమట్టి గరగరలాడుతూ రాలిపోతుంది. పిహెచ్ మీటరు కంటే ముందు నేను నమ్మేది ఈ వేళ్లనే.

పెద్ద చెట్లతో పాటు మొలకలనూ లెక్కపెట్టండి. ఒక జాతి మొలకలు రెండు ప్లాట్లలోనూ ఉండి, పెద్ద చెట్లు మాత్రం ఒక దాంట్లోనే ఉంటే విత్తనం అందక కాదన్నమాట. మొలిచాక ఏదో ఆపుతోంది. అది మట్టేనా అన్నది తేల్చుకోవాలంటే ఆ మొలకలను మళ్లీ ఏడాదికి వెళ్లి లెక్కపెట్టాలి.