హింస నుంచి బయటపడే పిల్లల కథ రాయాలంటే

ముందు ఇది ఎవరి కథో తేల్చుకోండి. చాలామంది తెలీకుండానే కొట్టేవాడి కోపం, వాడి తాగుడు, వాడి ఫ్లాష్‌బ్యాక్ వీటితోనే పేజీలు నింపేస్తారు, పిల్లేమో మూల కూర్చుని ఏడుస్తూ ఉంటుంది అంతే. అలా వద్దు, ఆ పిల్ల ఏం గమనిస్తోందో రాయండి. ఇలాంటి ఇంట్లో పెరిగినవాళ్లకి చెప్పులు విడిచిన చప్పుడుని బట్టే ఇవాళ మూడ్ ఎలా ఉందో తెలిసిపోతుంది, తలుపు తీసేలోపే టీవీ సౌండ్ తగ్గించేస్తారు, తమ్ముడిని లోపలి గదిలోకి పంపించేస్తారు. ఇది చూపిస్తే దెబ్బలు వర్ణించక్కర్లేదు. లైంగిక హింస అయితే ఆ సీన్ అసలు రాయొద్దు ప్లీజ్, తర్వాత ఆ పిల్ల ఎలా ఉందో అది చాలు. చేసేది కూడా ఎక్కువగా తెలిసినవాళ్లే కాబట్టి విలన్ మొహం పెట్టకండి.

ఒక్క సీన్‌లో ఏడ్చి మొత్తం చెప్పేసినట్టు రాస్తే నమ్మబుద్ధి కాదు. రోలండ్ సమ్మిట్ అనే సైకియాట్రిస్ట్ 1983లోనే రాశాడు, లైంగిక హింసకి గురైన పిల్లలు చాలా ఆలస్యంగా చెప్తారు, చెప్పాక కూడా అబ్బే అదేం లేదు అనేస్తారు అని. సగం మాట ఒకరోజు, మర్నాడు "ఊరికే అన్నాలే".

ఇక ఫ్రెండ్. వచ్చి కాపాడేసే హీరోని చెయ్యకండి, తను కూడా చిన్నపిల్లే కదా.

"మా ఇంటికి వస్తావా?"
"అమ్మ ఒప్పుకోదు."
"సర్లే, మీ గేటు దాకా నేనే వస్తా."

మర్నాడు మళ్లీ అడగాలి, ఎందుకు ఒప్పుకోదు అని మాత్రం అడగకూడదు. ఆశ ఇక్కడే పుడుతుంది, డైలాగుల్లో కాదు. ఎమీ వెర్నర్ అనే సైకాలజిస్ట్ హవాయిలోని కవాయ్ దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని పెద్దయ్యేదాకా స్టడీ చేస్తే, అన్ని కష్టాల్లోనూ నిలదొక్కుకున్నవాళ్లకి నమ్ముకోడానికి కనీసం ఒక్క మనిషైనా ఉన్నట్టు తేలింది.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది "ఎవరికీ చెప్పనని ఒట్టు" అన్న మాట. ఫ్రెండ్ ఆ ఒట్టు తప్పి నమ్మకమైన పెద్దవాళ్లకి చెప్పేయాలి, కథలో అది తప్పనిసరి, ఎందుకంటే ఇలాంటిది పిల్లలు ఇద్దరే మోయలేరు. తర్వాత వచ్చే గొడవకి, మాట్లాడుకోని రోజులకి బాగా చోటివ్వండి, తొందరపడి కలిపేయకండి.

చివర్లో అన్నీ సర్దుకున్నట్టు చూపించొద్దు, కొట్టిన నాన్న మీదే బెంగ పెట్టుకోవచ్చు కూడా. పోస్ట్ చేసేముందు కథలో ఏముందో పైన ఒక లైన్ రాయండి, చదవాలో వద్దో వాళ్లే చూసుకుంటారు.