మన ఊరి వకీళ్లు, జడ్జీలు, నాయకుల జాబితా రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తిరుపతిలోనో చిత్తూరులోనో ఎవర్నైనా పట్టుకుని మన ఊరి పెద్దవాళ్లు ఎవరని అడగండి. ముందు ముఖ్యమంత్రులు, ఆ వెనక ఎమ్మెల్యేలు, అంతే, అక్కడితో ఆగిపోతుంది. నలభై యాభై ఏళ్లు కోర్టులో వాదించి, ఊళ్లో సగం ఇళ్ల దస్తావేజులు చూసిన ప్లీడర్ల పేర్లు వాళ్ల జూనియర్లకు తప్ప ఎవరికీ తెలియవు. ఆ జూనియర్లు కూడా ఇప్పుడు పెద్దవాళ్లైపోతున్నారు. అందుకే మీలో ఎవరైనా ఈ పని తలకెత్తుకోవాలని ఇది రాస్తున్నాను. స్కూలు మ్యాగజైన్‌కైనా, లైబ్రరీకైనా, తెలుగు వికీపీడియాకైనా పద్ధతి ఒకటే.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఫలానా ఆయన "మన ఊరివాడు" అంటే ఏ లెక్కన? పుట్టాడా, చదువుకున్నాడా, ప్రాక్టీసు పెట్టాడా, ఓట్లకు నిలబడ్డాడా? పేరు పక్కన ఈ సంబంధం రాయకపోతే ఆ జాబితా ఎందుకూ పనికిరాదని నా గట్టి అభిప్రాయం.

ఉదాహరణకి, అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో కాంటన్ అని ఒక చిన్న నగరం ఉంది, జనాభా సుమారు 70 వేలు. 1897లో ప్రెసిడెంటైన విలియం మెకిన్లీ అక్కడ లాయరుగా ఉన్నవాడే, కౌంటీ ప్రాసిక్యూటర్‌గా కూడా చేశాడు. 1903 నుంచి 1922 దాకా అమెరికా సుప్రీంకోర్టులో జడ్జిగా ఉన్న విలియం డే ప్రాక్టీసు చేసింది కూడా కాంటన్‌లోనే. సెనేటర్ అయిన అట్లీ పొమరీన్‌దీ అదే ఊరి బార్, అంటే ఆ ఊరి కోర్టు లాయర్ల బృందం. తర్వాత టీపాట్ డోమ్ చమురు కుంభకోణం కేసుల్లో ప్రభుత్వం తరఫున ప్రత్యేక న్యాయవాదిగా నిలబడింది ఈయనే. ముగ్గురిలో ఒక్కరు కూడా కాంటన్‌లో పుట్టలేదు. మెకిన్లీ నైల్స్‌లో, డే రావెన్నాలో, పొమరీన్ బెర్లిన్ అనే ఊళ్లో పుట్టారు, అన్నీ ఒహాయోలోనివే. పుట్టినవాళ్లనే రాస్తామని కూర్చుంటే ఆ ఊరి జాబితాలో ఈ ముగ్గురూ ఉండరు. లాయర్ల విషయంలో ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే జిల్లా కోర్టు ఎక్కడుంటే అక్కడికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి బోర్డు పెడతారు.

మన దగ్గరకొద్దాం. ఎన్టీఆర్ 1983లో తిరుపతి నుంచి గెలిచారు, చిరంజీవి 2009లో గెలిచారు, ఇద్దరూ ఈ ఊరివాళ్లు కారు. 1962లో గవర్నర్ పదవి కోసం అనంతశయనం అయ్యంగార్ చిత్తూరు ఎంపీ సీటు వదిలేస్తే ఉపఎన్నికలో గెలిచిన ఎన్.జి. రంగాది గుంటూరు జిల్లా నిడుబ్రోలు. వీళ్లను "ఇక్కడి నుంచి గెలిచినవాళ్లు" అనే శీర్షిక కింద పెట్టండి, తీసేయాల్సిన పనిలేదు. నల్లారి కిరణ్‌కుమార్‌రెడ్డి గారిది ఇంకో రకం. కుటుంబం కలికిరి దగ్గర నగరిపల్లె, పుట్టింది మాత్రం హైదరాబాద్. చంద్రబాబు నాయుడు గారిది నారావారిపల్లె, మొదటిసారి 1978లో చంద్రగిరి నుంచి గెలిచారు, 1989 నుంచి కుప్పం. అంటే ఒకే మనిషికి రెండు మూడు సంబంధాలు ఉండొచ్చు, అన్నీ రాయండి.

నమూనాకి ఒక ఎంట్రీ ఎలా ఉండాలో చూపిస్తాను. "మాడభూషి అనంతశయనం అయ్యంగార్. జననం 1891 ఫిబ్రవరి 4, తిరుచానూరు. మద్రాసులో లా చదివి చిత్తూరులో ప్లీడరుగా ప్రాక్టీసు. 1934లో కేంద్ర శాసనసభకు ఎన్నిక. రాజ్యాంగ సభ సభ్యుడు. 1952లో తిరుపతి ఎంపీ, లోక్‌సభ తొలి డిప్యూటీ స్పీకర్. తొలి స్పీకర్ మావలంకర్ మరణం తర్వాత 1956 మార్చి నుంచి 1962 దాకా స్పీకర్. తర్వాత బీహార్ గవర్నర్. మరణం 1978." చూశారా, పొగడ్త ఒక్కటీ లేదు, అయినా మనిషి ఎంత ఎత్తుకు ఎదిగాడో తెలిసిపోతుంది. "మహోన్నత వ్యక్తిత్వం" లాంటి మాటలు సన్మాన పత్రాల్లో ఉంటే చాలు, ఇక్కడొద్దు.

తర్వాత జిల్లా హద్దుల టెన్షన్. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911 ఏప్రిల్‌లో, అంతకుముందు చిత్తూరు, తిరుపతి రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వెళ్లింది. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టేనాటికి అది ఉత్తర ఆర్కాటు, తర్వాత కొన్ని దశాబ్దాలు మన జిల్లా, ఇప్పుడు తమిళనాడు. ఆయన చిన్నప్పుడు కొన్నేళ్లు తిరుపతిలో మిషన్ స్కూల్లో చదివారు కాబట్టి ఆ సంబంధంతో తిరుపతి జాబితాలోకి నిశ్చింతగా తీసుకోవచ్చు. ఎవరి గురించైనా పుట్టినప్పుడు ఏ జిల్లా, ఇప్పుడు ఏ జిల్లా అని రెండూ రాయండి, లేకపోతే చదివేవాళ్లు మీతో గొడవకొస్తారు.

రాజకీయ నాయకుల వివరాలు తేలిగ్గా దొరుకుతాయి. లోక్‌సభ పాత సభ్యుల జీవిత వివరాలు పార్లమెంటు వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఓట్ల లెక్కలు ఎన్నికల సంఘం నివేదికల్లో ఉంటాయి, ఇటీవలి వాళ్ల చదువు నామినేషన్ అఫిడవిట్‌లోనే ఉంటుంది. పార్టీ కరపత్రాల్లో ఉన్నది మాత్రం ఎక్కించకండి.

అసలు కష్టం జడ్జీలు, లాయర్ల దగ్గరే. హైకోర్టు ఊళ్లు మారింది కదా, అందుకని ఏ కాలం మనిషో చూసుకుని వెతకాలి. 1954 జులై దాకా మనకు మద్రాసు హైకోర్టే, తర్వాత గుంటూరులో ఆంధ్ర హైకోర్టు, 1956 నవంబర్ నుంచి హైదరాబాద్, 2019 జనవరి 1 నుంచి అమరావతి. మాజీ న్యాయమూర్తుల వివరాలు ఆయా హైకోర్టుల వెబ్‌సైట్లలో చూడండి. అందులో "చిత్తూరు బార్‌లో ప్రాక్టీసు మొదలుపెట్టారు" లాంటి ఒక్క ముక్క దొరికితే చాలు, అక్కణ్నుంచి దారి దొరుకుతుంది. పాత లా రిపోర్టులు, అంటే కోర్టు తీర్పులు అచ్చేసే పత్రికలు కూడా వదలకండి. మద్రాస్ లా జర్నల్ 1891 నుంచి వస్తోంది. అప్పీలు ఏ జిల్లా కోర్టు తీర్పు మీద వచ్చిందో తీర్పు మొదట్లోనే ఉంటుంది, అలా చిత్తూరు జిల్లా కోర్టు కేసులు ఏరుకోవచ్చు.

బార్ అసోసియేషన్ హాల్లో గోడల మీద పాత ఫోటోలుంటే ముందు అనుమతి అడిగి, ఒక్కో ఫోటో కింద ఉన్న అక్షరాలు ఉన్నవి ఉన్నట్టు రాసుకోండి. బి.ఏ., బి.ఎల్. అని ఉంటే మద్రాసు చదువు కావచ్చు. ఫస్ట్ గ్రేడ్ ప్లీడరు, సెకండ్ గ్రేడ్ ప్లీడరు అని కనిపిస్తే అది 1961 అడ్వొకేట్స్ చట్టానికి ముందు కాలంలో వాడుకలో ఉన్న హోదా అని గుర్తుపట్టండి. తర్వాత పాత గుమాస్తాల దగ్గర కూర్చోండి. లాయర్ల కంటే వాళ్లకే ఎక్కువ గుర్తుంటుంది, పైగా ఎవరూ వాళ్లని అడగరు. "అన్నా, మీ సారు ఎవరి దగ్గర జూనియర్‌గా చేరినారు? ఆ సారుకి సీనియర్ ఎవురు?" అని ఒక్కో మెట్టు వెనక్కి వెళ్లండి. మూడు మెట్లు వెళ్లారంటే స్వాతంత్ర్యానికి ముందు కాలంలో ఉంటారు. ఆ మాట రాసుకుని, కాగితం మీద ఇంకో చోట కనిపించేదాకా పెన్సిల్‌తోనే ఉంచండి.

పేర్ల స్పెల్లింగు దగ్గర ఓపిక కావాలి. కట్టమంచి రామలింగారెడ్డి గారు ఇంగ్లీషు రికార్డుల్లో సి.ఆర్. రెడ్డి, ఇంటిపేరు సి అక్షరంతో మొదలవుతుంది, కె అక్షరం కింద వెతికితే దొరకదు. ఆయన్ని ఆంధ్రా యూనివర్సిటీ తొలి వైస్ ఛాన్సలర్‌గా అందరూ గుర్తుపెట్టుకున్నారు కానీ, 1923 నవంబర్‌లో మద్రాసు శాసనమండలిలో జస్టిస్ పార్టీ మంత్రివర్గం మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఆయనేనని మన జిల్లాలోనే చాలామందికి తెలియదు. తీర్మానం ఓడిపోయింది. అయినా ఇలాంటివి ఎంట్రీలో తప్పకుండా ఉండాలి.

బతికున్నవాళ్ల విషయంలో పదవి, సంవత్సరం, నియోజకవర్గం రాస్తే సరిపోతుంది. కేసుల సంగతి తుది తీర్పు కాపీ చేతిలో ఉంటేనే రాయండి, ఇంటి అడ్రసు, పిల్లల పేర్లు అసలొద్దు. జాబితా కొలిక్కి వచ్చాక ఒక ప్రింటు బార్ అసోసియేషన్‌లో, ఒకటి జిల్లా గ్రంథాలయంలో ఇచ్చి, పక్కన ఖాళీ మార్జిన్ బాగా వదలండి. తప్పులు దిద్దేవాళ్లు అక్కడే దిద్దుతారు, మీరు నెలకోసారి వెళ్లి చూసుకుని కొత్త ప్రింటు పెట్టండి.