కాలిఫోర్నియాలో ఇంటికొచ్చిన బ్యాలెట్‌తో ఓటు వేయడం ఎలా? (సంతకం దగ్గర జాగ్రత్త)

సిటిజన్‌షిప్ ప్రమాణం చేసిన రోజే ఓటరుగా నమోదైపోండి. ఆన్‌లైన్‌లో పది నిమిషాల పని. డ్రైవర్ లైసెన్స్, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు, పుట్టిన తేదీ ఉంటే చాలు. ఎన్నికకు 15 రోజుల ముందు వరకు గడువు. అది దాటినా ఎన్నిక రోజున ఓటింగ్ కేంద్రంలోనే నమోదై ఓటు వేసే వీలును ఇక్కడి చట్టం ఇచ్చింది. కానీ అంతదాకా ఆగకండి.

గుడి దగ్గర బల్ల వేసి కాగితం ఫారాలు నింపించే పద్ధతి నాకు నచ్చదు. నింపేది ఒకరు, ఓటరు ఇంకొకరు. ఇంటిపేరు ఒక గడిలోకి, అసలు పేరు ఇంకో గడిలోకి పోతాయి. ఎవరి ఫోన్‌లో వాళ్లే, లైసెన్స్ మీద పేరు ఎలా ఉంటే అలాగే టైపు చేయాలి. సాయం చేసేవాళ్లు పక్కన కూర్చుని చూస్తే చాలు.

గ్రీన్ కార్డు మీద ఉన్న అమ్మానాన్నలను మాత్రం పొరపాటున కూడా నమోదు చేయించకండి. 2018 ఏప్రిల్ నుంచి డీఎంవీలో (డ్రైవర్ లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖలో) లైసెన్స్ పనితోపాటే ఓటరు నమోదు కూడా దానంతటదే జరుగుతోంది. అర్హత లేనివాళ్లు దాదాపు 1,500 మంది పొరపాటున నమోదయ్యారని ఆ ఏడాదే డీఎంవీ ఒప్పుకుంది. వాళ్లలో పౌరులు కానివాళ్లూ ఉన్నారు. 'మీరు పౌరులేనా' అన్న ప్రశ్న రాగానే ఆగి, చదివి జవాబివ్వాలి. రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తులో ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా అని అడుగుతారు.

ఇక బ్యాలెట్. 2021లో చేసిన చట్టం వల్ల యాక్టివ్ ఓటర్లందరికీ (అంటే నమోదు అమల్లో ఉన్నవాళ్లకి) అది పోస్టులో ఇంటికే వస్తుంది. ఎన్నికకు 29 రోజుల ముందు నుంచి పంపడం మొదలుపెడతారు. నల్ల ఇంకు పెన్నుతో నింపి, కవర్లో పెట్టి అంటించండి. స్టాంపు అక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి: కవరు మీద సంతకం. నేను చూసిన తప్పుల్లో ముప్పావు వంతు ఇక్కడే జరిగాయి.

ఆన్‌లైన్‌లో నమోదైనవాళ్ల సంతకాన్ని డీఎంవీ నుంచే తీసుకుంటారు. అంటే లైసెన్స్ కోసం లైన్లో నిలబడి, ఆ చిన్న పలక మీద హడావిడిగా గీసిన గీతే మీ ఓటరు సంతకం. కవరు మీది సంతకాన్ని దానితో పోల్చి చూస్తారు. అందుకే సంతకం చేసే ముందు లైసెన్స్ తీసి కవరు పక్కన పెట్టుకోవాలి. ఇది నా నియమం, మా ఇంట్లో అందరికీ ఇదే. అందులో పొడి అక్షరాలుంటే ఇక్కడా పొడి అక్షరాలే. బాగా కనబడాలని ముత్యాల్లా రాయకండి.

మా కాలనీలో ఒక పెద్దాయన ఉన్నారు. ఊళ్లో ముప్పై ఏళ్లు టీచరుగా చేశారు. లైసెన్స్ మీద ఇంగ్లీషులో రెండక్షరాలు గీసి వచ్చారు. ఓటు కదా అని, కవరు మీద మాత్రం ఇంటిపేరుతో సహా తెలుగులో తీరుగా, తలకట్లు కూడా తప్పకుండా సంతకం చేశారు. సరిపోలలేదని ఉత్తరం వచ్చింది. ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఇంకో తప్పు, భార్య కవరు మీద భర్త సంతకం చేయడం. పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నా అది చెల్లదు. చేయి వణికి సంతకం చేయలేని పెద్దవాళ్లయితే వాళ్లే ఒక గుర్తు పెట్టాలి, పక్కన సాక్షి సంతకం చేయాలి. ఒకే ఇంట్లో నాలుగు కవర్లుంటే ఒకరిది పూర్తిగా అయ్యాకే ఇంకొకరిది తెరవండి. టీ తాగుతూ అందరూ ఒకేసారి కూర్చుంటే కవర్లు తారుమారవుతాయి. తేదీ కూడా వేయండి.

అయినా టెన్షన్ వద్దు. 2021లోనే వచ్చిన ఇంకో చట్టం ప్రకారం, ఆ సంతకం మీదేనన్న నమ్మకంతోనే అధికారులు చూడటం మొదలుపెట్టాలి. తేడా స్పష్టంగా ఉందని మరో ఇద్దరు అధికారులు కూడా తేల్చితేనే పక్కన పెట్టాలి. అప్పుడు కూడా మీకు తెలియజేసి, సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలి.

కవరును పోస్టు డబ్బాలో కాదు, బ్యాలెట్ల కోసం కౌంటీవాళ్లు పెట్టే డ్రాప్ బాక్సులోనే వేయండి. ఎన్నిక రోజు రాత్రి 8 గంటల వరకు టైముంది కానీ వారం ముందే వేసేయాలి. పోస్టులో వేస్తే కవరు మీద తపాలా ముద్ర ఏ తేదీతో పడుతుందో మీ చేతిలో ఉండదు. తర్వాత రాష్ట్రం నడిపే బ్యాలెట్ ట్రాకింగ్‌లో ఫోన్ నంబరు ఇస్తే, కవరు ఎక్కడుందో మెసేజ్ వస్తుంది.

సంతకం సరిపోలలేదని ఉత్తరం వస్తే దాచిపెట్టకండి, సిగ్గుపడకండి. అందులోని ఫారం మీద సంతకం చేసి, వాళ్లిచ్చిన గడువులోగా పంపండి. ఆ పెద్దాయన చేత నేను అదే చేయించాను. ఆ తర్వాత తెలుగు సంతకంతోనే కాగితం ఫారం మీద మళ్లీ నమోదు చేయించాను. కాగితం ఫారం వాడమని నేను చెప్పేది ఈ ఒక్క పనికే. తర్వాతి ఎన్నికలో ఆయన ఫోన్‌కు ఓటు లెక్కించామని మెసేజ్ వచ్చింది. అది చూపించడానికి మా ఇంటికి నడుచుకుంటూ వచ్చారు.