తునికాకు: అడవికి నిప్పు పెట్టకుండా మంచి ఆకు తీయడం ఎలా

బీడీలు చుట్టే తునికాకు కోసం, చిగురు బాగా వస్తుందని తునికి పొదలున్న చోట నిప్పు పెట్టే అలవాటు ఇంకా పోలేదు. మంట వెళ్లిన చోట చిగురు వస్తుంది, నిజమే. కానీ టేకు, నల్లమద్ది మొలకలు మాడిపోతాయి. నేల మీది ఆకుచెత్త కాలిపోయి తొలి వానలకే పైమట్టి కొట్టుకుపోతుంది. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం 1967 అటవీ చట్టం ప్రకారం నేరం కూడా. అదే చిగురు కత్తితోనూ వస్తుంది.

కొమ్మకొట్టుడు, అంటే చిగురు కోసం పొదల్ని నరకడం, ఫిబ్రవరి మధ్యలో మొదలుపెట్టి మార్చి మధ్యకల్లా ముగించండి. కొట్టిన 40-45 రోజులకు ఆకు తయారవుతుంది. ఆలస్యమైతే ఆకు అందేసరికి వాన మొదలవుతుంది, తడిసిన ఆకు నల్లబడుతుంది. బొటనవేలంత లావున్న పొదలనే నేల మట్టానికి, ఒక్క వేటుకే తెగేలా కొట్టండి. మొద్దు కత్తితో బాదితే మోడు చీలి చిగురు బలహీనంగా వస్తుంది. ఎదిగిన చెట్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. వాటి పండ్లు మనమూ తింటాం, ఎలుగుబంట్లూ తింటాయి, కొత్త మొక్కలకు విత్తనమూ అదే.

ఆకు ఎర్రదనం పోయి పచ్చబడి, వేళ్ల మధ్య మడిచినా చిట్లకుండా ఉన్నప్పుడు తెంపాలి. ఈనెలు లావెక్కితే ముదిరినట్టే, బీడీ చుట్టేటప్పుడు పగులుతుంది. కొన మొగ్గనూ లేత ఆకుల్నీ వదిలేస్తే అదే పొద మళ్లీ ఆకిస్తుంది. తెల్లవారుజామున ఒంటరిగా వెళ్లకండి, ఇప్పపూలకు ఎలుగుబంట్లు తిరిగే వేళ అదే.

కట్టకు 50 ఆకులు, 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కట్టడానికి నార కావాలని చెట్టు చుట్టూ బెరడు ఒలిస్తే ఆ చెట్టు చచ్చిపోతుంది. పక్కకొమ్మ నుంచి తీసుకోండి.

కల్లంలో, అంటే ఆకు కొని ఆరబెట్టే చోట, కట్టల్ని వరుసల్లో పరిచి, ఒక వైపు ఎండాక తిప్పండి. మంచి ఎండలో వారం దాకా పడుతుంది. ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే: లోపల తేమ ఉండగానే సంచుల్లో కుక్కితే ఆకు వేడెక్కి బూజు పడుతుంది, పెళుసుగా ఎండిన ఆకును అలాగే నింపితే పొడైపోతుంది. అందుకే బాగా ఎండాక సాయంత్రం పలుచగా నీళ్లు చల్లి, ఆకు మెత్తబడ్డాక సంచి నింపాలి. కల్లేదారు (కల్లం చూసుకునే మనిషి) లెక్కపెట్టిన కట్టల్ని ఏ రోజుకారోజు మీ ఆకు లెక్కల కార్డులో రాయించుకోండి.