కేసెట్ ఆప్షన్ ఎంట్రీకి ముందు: బెంగళూరు తెలుగు ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

కేసెట్ అంటే కర్ణాటకలో ఇంజినీరింగ్ లాంటి కోర్సులకి రాసే ప్రవేశ పరీక్ష; ర్యాంకు వచ్చాక కావాల్సిన కాలేజీలు, బ్రాంచీలు ఆన్‌లైన్‌లో వరసగా పెట్టడమే ఆప్షన్ ఎంట్రీ. ఆ వరస మీ ఇష్టం ప్రకారమే పెట్టండి, ర్యాంకు చూసి కాదు. సిస్టమ్ పైనుంచి చూసుకుంటూ వచ్చి, మీ ర్యాంకుకు దొరికే మొదటి సీటు ఇచ్చేస్తుంది. "ఇది ఎలాగూ రాదులే" అని మంచి కాలేజీని కిందికి తోస్తే, వచ్చే సీటు కూడా పోతుంది. చేరే ఉద్దేశం లేని కాలేజీని అసలు పెట్టకండి.

సీటు వచ్చాక ఛాయిస్ 1 నొక్కితే ఇక ఆ సీటే, తర్వాతి రౌండ్ లేదు. ఇంకా మంచిది వస్తుందేమో చూడాలంటే ఛాయిస్ 2. దీన్ని రాత్రి పదకొండున్నరకి, ఆఖరి నిమిషంలో తేల్చుకోకండి.

కర్ణాటకలో ఏడేళ్లు చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు స్కూళ్ల నుంచి ముందే తెచ్చుకోండి. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్‌కి ఇల్లు మారినప్పుడల్లా స్కూలు మార్చినవాళ్లకి ఇదే పెద్ద తిరుగుడు.

ఆంధ్రా, తెలంగాణ కుల సర్టిఫికెట్‌తో ఇక్కడ రిజర్వేషన్ రాదు. ఇక్కడి తహసీల్దార్ ఇచ్చిన, ఆర్‌డీ నంబరు (సర్టిఫికెట్ మీద ఉండే రెవెన్యూ శాఖ నంబరు) ఉన్నదే కావాలి.

పదో తరగతి మార్కుల కార్డులో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో చివర! మనవాళ్లకి మామూలే. దరఖాస్తులో పేరు మాత్రం మార్కుల కార్డులో ఉన్నట్టే రాయండి.

బ్రాంచి సంగతి పిల్లల్నే అడగండి, పక్కింటి అంకుల్‌ని కాదు.

అలాట్‌మెంట్ రాకముందే మేనేజ్‌మెంట్ సీటుకని ఏజెంటు చేతికి అడ్వాన్స్ ఇవ్వకండి. రసీదు లేని డబ్బు వెనక్కి రావడం కష్టం.